గుర్రపుశాలలో పగిలిన తూటాలు

బ్రిటిషు పాలన కాలంలో మన దేశంలోని సైన్యానికి వానాకాలం కాస్త ఊపిరి పీల్చుకునే కాలం. దారులు బురదయ్యేవి, వాగులు పొంగేవి, దండు కదలికలు తగ్గిపోయేవి. వాడని తూటాల పెట్టెలను వర్షం తగలని చోటు చూసి దాచేవారు. గట్టి పైకప్పు ఉన్న చోట్లలో గుర్రపుశాల ఒకటి. వానలు వెనకబట్టాక పెట్టెలు విప్పితే చాలా తూటాల ఇత్తడి గొట్టాలకు నిలువునా సన్నని చీలికలు కనిపించేవి. వాటిని ఎవరూ కాల్చలేదు. కింద పడేయలేదు. తుప్పు పట్టి అరిగిపోయిన జాడ కూడా లేదు. ముందుభాగంలో బుల్లెట్‌ను బిగించి పట్టుకునే మెడ దగ్గరే ఈ చీలికలు ఎక్కువ.

దీనికి ఇంగ్లీషులో సీజన్ క్రాకింగ్ అని పేరు వచ్చింది. పేరు ఎలా వచ్చిందన్నదానికి రెండు కథలున్నాయి. వానల సీజన్లో కనిపించింది కాబట్టి అన్నది ఒకటి. ఆరబెట్టిన కలప, అంటే ‘సీజన్’ అయిన చెక్క, పగిలినట్టు పగులుతుంది కాబట్టి అన్నది రెండోది. మనకు మొదటి కథే ఇష్టంగా ఉంటుంది, అందులో మన వానలున్నాయి మరి!

పేరు సంగతి ఎలా ఉన్నా, ఈ సమస్యకు సరైన వివరణ 1921 దాకా దొరకలేదు. ఆ వివరణ ఒక్క తూటాలకే సరిపోలేదు. లోహం, తేమ, బలం మూడూ కలిస్తే ఏం జరుగుతుందన్న పెద్ద ప్రశ్నకు అది తలుపు తీసింది. ఇప్పటికీ, కాల్చిన ఇత్తడి గొట్టాలను శుభ్రం చేసి మళ్లీ వాడే క్రీడా షూటర్లు చేసే పనుల్లో సగం ఈ సమస్య చుట్టూనే తిరుగుతాయి.

ఆ గొట్టం చేసే పని

ముందుగా మాటలు సరిచూసుకుందాం. మనం మామూలుగా తూటా అనేదాన్లో నాలుగు భాగాలుంటాయి. ముందు ఎగిరిపోయే బుల్లెట్, వెనక నిప్పు పుట్టించే చిన్న ప్రైమర్, లోపల మందు, ఈ మూడింటినీ కలిపి పట్టుకునే ఇత్తడి గొట్టం. ఈ గొట్టాన్నే కేసు అంటారు. కాల్చిన తర్వాత తుపాకి పక్కకు విసిరేసేది దీన్నే. పోలీసులు ఘటనాస్థలంలో ఏరేదీ దీన్నే.

చూడటానికి అది ఒక డబ్బా. కానీ అది చేసే పని డబ్బా పని కాదు. 7.62 మిల్లీమీటర్ల నాటో తూటాకు దగ్గరి చుట్టమైన .308 విన్‌చెస్టర్ తూటాను తీసుకుంటే, మందు అంటుకున్నప్పుడు లోపల పీడనం గరిష్ఠంగా సుమారు 4,200 వాతావరణాలకు చేరవచ్చు. మన కుక్కర్‌లో ఉండేది రెండు వాతావరణాలే. అంత పీడనానికి పలుచని ఇత్తడి గోడ తట్టుకోలేదు, తట్టుకోనవసరం కూడా లేదు. తట్టుకునేది చుట్టూ ఉన్న ఉక్కు గది. ఇత్తడి ఉబ్బి ఆ ఉక్కు గోడకు అతుక్కుని, మంట, వాయువు వెనక్కి రాకుండా మూత వేస్తుంది. బుల్లెట్ గొట్టం దాటేదాకా, అంటే సెకనులో వెయ్యో వంతుకు కాస్త అటూ ఇటూ, ఆ మూత నిలవాలి. తర్వాత వెంటనే ఇత్తడి కాస్త ముడుచుకుని ఉక్కును వదిలేయాలి. వదలకపోతే గొట్టం లోపలే ఇరుక్కుపోతుంది.

అంటే ఉబ్బాలి, మూయాలి, మళ్లీ తగ్గాలి. ఎంత తగ్గుతుందో లెక్కగట్టడం తేలిక. ఒక లోహం శాశ్వతంగా వంగిపోయేముందు భరించగల ఒత్తిడిని దాని స్థితిస్థాపక గుణకంతో భాగిస్తే, వదిలేశాక ఎంత శాతం వెనక్కి వస్తుందో తెలుస్తుంది. గట్టిపడిన ఇత్తడికి మొదటిది సుమారు 430 మెగాపాస్కల్స్, రెండోది 110 గిగాపాస్కల్స్. భాగిస్తే దాదాపు 0.4 శాతం. 12 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న గొట్టానికి అది ఒక మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు. మామూలు మెత్తని ఉక్కుకు ఇదే లెక్క వేస్తే 0.12 శాతమే వస్తుంది. బిర్రుగా ఉండటంలో ఉక్కు ఇత్తడి కంటే దాదాపు రెట్టింపు ముందుంది, మెత్తని ఉక్కు గట్టిపడిన ఇత్తడి కంటే తక్కువ ఒత్తిడికే లొంగుతుంది కూడా, కాబట్టి వెనక్కి వచ్చేది తక్కువ. ఉక్కు గొట్టాలు లేవని కాదు. సోవియట్ సైన్యం వాటిని కోట్లలో వాడింది. అయితే ఏకే-47 తూటా గొట్టాన్ని కాస్త గరాటు ఆకారంలో చేశారు, అలా ఉంటే కొంచెం కదిలినా గోడను వదిలేస్తుంది.

రాగి 70 పాళ్లు, జింకు 30 పాళ్లు. ఈ కలయికకు లోహశాస్త్రంలో కార్ట్రిడ్జ్ బ్రాస్ అనే పేరే స్థిరపడింది. ఆ నిష్పత్తి ఊరికే రాలేదు. జింకు పెరిగేకొద్దీ ఇత్తడి గట్టిపడుతుంది, విచిత్రంగా సాగే గుణం కూడా పెరుగుతుంది, 30 శాతం దగ్గర అది శిఖరానికి చేరుతుంది. అక్కడి నుంచి మరికొంత ముందుకు వెళితే జింకు రాగిలో పూర్తిగా కరగక, పెళుసైన మరో స్ఫటిక రూపం తయారవడం మొదలవుతుంది. బిళ్లలా ఉన్న ఇత్తడి ముక్కను అచ్చులోకి దశలవారీగా నొక్కుకుంటూ పొడవాటి గొట్టంగా లాగాలంటే అంత సాగే గుణం కావాల్సిందే. జింకును లోహంగా బట్టీ పట్టి తీయడంలో రాజస్థాన్‌లోని జావర్ యూరప్ కంటే శతాబ్దాలు ముందుందన్నది ఇక్కడ గుర్తు చేసుకోదగ్గ విషయం, అది మరో వ్యాసానికి సరిపడా కథ.

నీలి రంగు ద్రావణం

ఇప్పుడు గుర్రపుశాలకు వద్దాం. గుర్రం మూత్రంలో యూరియా ఉంటుంది. నేలలోని, గడ్డిలోని బాక్టీరియా దాన్ని విడగొడితే అమోనియా వస్తుంది. పశువుల కొట్టంలో అడుగు పెట్టగానే ముక్కును గుచ్చే ఆ ఘాటు అదే. వానాకాలంలో గాలిలో తేమ ఎక్కువ, రాత్రి చల్లబడిన లోహం మీద కంటికి కనిపించనంత పలుచగా నీటి పొర చేరుతుంది. అమోనియా నీటిలో అమితంగా కరుగుతుంది. కాబట్టి ఆ పొర కాస్తా అమోనియా ద్రావణంగా మారుతుంది.

ఇంటర్మీడియట్ ల్యాబులో లవణ విశ్లేషణ చేసినవారికి తర్వాతి సంగతి గుర్తుండే ఉంటుంది. రాగి లవణానికి అమోనియం హైడ్రాక్సైడ్ ఎక్కువగా కలిపితే చిక్కటి నీలి రంగు వస్తుంది. ఒక్కో రాగి అయాన్‌ను నాలుగు అమోనియా అణువులు చుట్టుముట్టి నీటిలోకి లాక్కుపోతున్నాయని ఆ రంగు చెబుతుంది. మామూలుగా రాగిని, ఇత్తడిని కాపాడేది వాటి మీద ఏర్పడే పలుచని ఆక్సైడ్ పొర. అమోనియా, గాలిలోని ఆక్సిజన్ కలిసి వస్తే ఆ రక్షణ బలహీనపడుతుంది, లోహం మెల్లగా కరగడం మొదలవుతుంది.

అయితే కరిగితే అంతటా సమంగా అరగాలి కదా, కత్తితో కోసినట్టు చీలిక ఎందుకు? అసలు ప్రశ్న ఇదే. అమోనియా ఒక్కటే అయితే ఇత్తడి మచ్చలు పడి ఊరుకునేది. లాగుడు ఒక్కటే అయితే ఏళ్ల తరబడి ఏమీ అయ్యేది కాదు. రెండూ కలిసిన చోటే పగులుతుంది. లోహం సూక్ష్మమైన రేణువుల కూర్పు. రేణువుల మధ్య హద్దుల్లో అణువుల అమరిక సరిగా కుదరక కాస్త వదులుగా ఉంటుంది. రసాయనం ఆ హద్దు వెంట కొంచెం తొలిస్తుంది, లాగుడు ఆ చోటును తెరుస్తుంది, తెరుచుకున్న చోట కొత్త లోహం రసాయనానికి దొరుకుతుంది. మళ్లీ తొలుస్తుంది. చీలిక కొనలో అణువుల స్థాయిలో సరిగ్గా ఏ క్రమంలో ఏం జరుగుతుందన్నదాని మీద లోహశాస్త్రజ్ఞులు ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు. తేమ, ఆక్సిజన్, అమోనియా, లాగుడు నాలుగూ ఉండాలన్నదాంట్లో మాత్రం వాదన లేదు.

సరే, పెట్టెలో కదలకుండా పడి ఉన్న తూటాలో లాగుడు ఎక్కడిది? ఇక్కడే కాగితం, పెన్సిలు తీయాలి. .308 బుల్లెట్ వ్యాసం 7.82 మిల్లీమీటర్లు. దాన్ని పట్టుకునే మెడ లోపలి వ్యాసం అంతకంటే సుమారు 0.05 మిల్లీమీటరు తక్కువ ఉందనుకుందాం. బుల్లెట్‌ను లోపలికి నొక్కితే మెడ 0.64 శాతం సాగాలి. దాన్ని 110 గిగాపాస్కల్స్‌తో గుణిస్తే దాదాపు 700 మెగాపాస్కల్స్ ఒత్తిడి వస్తుంది. ఇత్తడి అంత భరించలేదు. కాబట్టి మెడ తాను భరించగల గరిష్ఠం దాకా సాగి, అక్కడ శాశ్వతంగా కాస్త లొంగి, ఆ గరిష్ఠ ఒత్తిడితోనే బుల్లెట్‌ను బిగించుకుని కూర్చుంటుంది. బల్ల మీద ప్రశాంతంగా కనిపించే తూటా మెడ నిజానికి తెగే అంచున లాగిన తాడు.

ఈ లెక్కలో ఒక మెలిక ఉంది. లొంగిపోయే ఒత్తిడే మిగిలే ఒత్తిడి కాబట్టి, మెడ ఎంత గట్టిదైతే దానిలో దాగిన లాగుడు అంత ఎక్కువ. గట్టి ఇత్తడిలో 430, కాచి మెత్తబరచిన ఇత్తడిలో సుమారు 100 మెగాపాస్కల్స్. బలమైన లోహమే ముందు పగులుతుంది!

ఈ సంగతిని 1921లో మూర్, బెకిన్‌సేల్, మాలిన్సన్ అనే ముగ్గురు పరిశోధకులు తేల్చిచెప్పారు. ఇత్తడిలో మిగిలిపోయిన అంతర్గత ఒత్తిడి, అమోనియా కలిసి చేసిన పని ఇదని వారి పత్రం వివరించింది. మందు కూడా అందులోనే ఉంది. గొట్టాన్ని కరిగే ఉష్ణోగ్రతకు చాలా కింద, సుమారు 250–300 డిగ్రీల సెల్సియస్ దగ్గర కొంతసేపు ఉంచితే గట్టిదనం పెద్దగా తగ్గకుండానే తయారీలో దాగిన ఒత్తిడి చాలావరకు సడలిపోతుంది.

దాగిన ఒత్తిడిని పట్టుకోవడానికి ఒక కర్కశమైన పరీక్ష కూడా వాడుకలోకి వచ్చింది. ఇత్తడి ముక్కను మెర్క్యురస్ నైట్రేట్ ద్రావణంలో ముంచితే పాదరసం దాని మీద చేరి రేణువుల హద్దుల్లోకి చొరబడుతుంది. లోపల ఒత్తిడి ఉన్న ముక్క నిమిషాల్లో పగిలిపోతుంది, లేనిది నిలుస్తుంది. పాదరసం విషం కాబట్టి ఇప్పుడు దాని బదులు అమోనియా ఆవిరి పరీక్ష చేస్తున్నారు. అంటే గుర్రపుశాలను ల్యాబులోకి తెచ్చారన్నమాట.

కాల్చిన గొట్టాన్ని మళ్లీ సిద్ధం చేయడం

అమెరికాలోనూ, యూరప్‌లోని కొన్ని దేశాల్లోనూ లక్ష్యాల మీద కాల్చే క్రీడాకారులు, చట్టం అనుమతించిన వేటగాళ్లు తమ తూటాలను తామే మళ్లీ నింపుకోవడం పెద్ద అలవాటు. తూటాలో అన్నిటికంటే ఖరీదైన భాగం ఇత్తడి గొట్టమే, జాగ్రత్తగా చూసుకుంటే అది చాలాసార్లు పనిచేస్తుంది. మన దేశంలో 1959 నాటి ఆయుధ చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తూటా తయారు చేయడం నేరం. పైగా మన షూటర్లు 50 మీటర్ల పోటీల్లో వాడే .22 తూటాలో నిప్పు పుట్టించే పదార్థం అడుగు అంచులోనే ఉంటుంది, సూది పడి ఆ అంచు నలిగిపోతుంది కాబట్టి దాన్ని మళ్లీ నింపే ప్రసక్తి లేదు. అందువల్ల ఈ పని మనలో చాలామందికి దూరం. దానిలోని లోహశాస్త్రం మాత్రం దూరం కాదు.

మధ్యలో ఒక చారిత్రక వింత. ప్రైమర్లు రెండు రకాలు. ఇంగ్లండ్‌లోని ఊలిచ్‌లో పనిచేసిన ఎడ్వర్డ్ బాక్సర్ పేరుతో ఉన్న రకానికి గొట్టం అడుగున మధ్యలో ఒకే రంధ్రం ఉంటుంది, పై నుంచి సన్నని పుల్లతో పొడిచి పాత ప్రైమర్‌ను తేలికగా తీసేయవచ్చు. అమెరికా సైనికాధికారి హైరమ్ బెర్డాన్ రకంలో సాధారణంగా రెండు చిన్న రంధ్రాలు పక్కలకు ఉంటాయి, తీయడం కష్టం. ఇంగ్లీషువాడి పద్ధతి అమెరికాలో, అమెరికావాడి పద్ధతి యూరప్‌లో స్థిరపడ్డాయి. అమెరికాలో మళ్లీ నింపే అలవాటు అంతగా పెరగడానికి ఆ ఒక్క రంధ్రం కూడా కారణమే.

కాల్చిన గొట్టాన్ని మొదట శుభ్రం చేస్తారు. పొడి చేసిన వాల్‌నట్ పెంకులోనో, మొక్కజొన్న కండెల రవ్వలోనో వేసి గంటల తరబడి అదురుతూ తిరిగే గిన్నెలో ఉంచుతారు. కొందరు సన్నని స్టీలు సూదులు, నీళ్లు వేసి తిప్పుతారు. ప్రైమర్లలో సీసం సమ్మేళనం ఉంటుంది కాబట్టి ఆ రవ్వ నుంచి లేచే ధూళి మంచిది కాదు. ఇంట్లో పిల్లలుంటే మరీనూ. గొట్టాల మెరుపు కోసం తపించేవారు కొందరు ఈ ధూళిని పట్టించుకోకపోవడం ఆశ్చర్యంగా ఉంటుంది. తూటా పేలుతుందని భయపడతాం, వేళ్లకంటిన సీసాన్ని మరిచిపోతాం.

ఇత్తడి తళతళలాడించే కొన్ని పాలిష్‌లలో అమోనియా ఉంటుంది. కాల్చిన గొట్టాలకు అవి వాడవద్దని అనుభవజ్ఞులు గట్టిగా చెప్పేది ఇందుకే. దాని బదులు నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లు వాడేవారున్నారు. మన ఇళ్లలో ఇత్తడి బిందెను చింతపండుతో తోమినప్పుడు జరిగేదీ అదే రసాయనం, ఆమ్లం నల్లటి ఆక్సైడ్‌ను కరిగిస్తుంది. ఎక్కువసేపు నానబెడితే మాత్రం ఇత్తడి పసుపు పోయి గులాబీ ఛాయ వస్తుంది. పైపొరలో జింకు ముందు కరిగిపోయి రాగి మిగిలిందని దానర్థం.

తర్వాత గొట్టాన్ని గట్టి ఉక్కు అచ్చులోకి నొక్కి పాత కొలతకు తెస్తారు. కాల్చినప్పుడు ఉబ్బడం, అచ్చులో ముడవడం, బుల్లెట్ పెట్టినప్పుడు మళ్లీ సాగడం. ఒక తీగను అటూ ఇటూ వంచుతూ పోతే అది మొండికేసి చివరికి విరుగుతుంది కదా, మెడకు జరిగేదీ అంతే. ప్రతి వంపుకూ లోహంలోని స్ఫటికాల్లో లోపాల వరసలు పెరిగి, ఒకదానికొకటి అడ్డుపడి, లోహం గట్టిపడుతుంది. గట్టి మెడ బుల్లెట్‌ను ఒక్కోసారి ఒక్కో బలంతో పట్టుకుంటుంది, గురి చెదురుతుంది. దాగిన ఒత్తిడి పెరుగుతుంది, చీలుతుంది.

మెడ చీలితే నష్టం తక్కువే, ఆ గొట్టం పారేయాలి అంతే. భయపడాల్సింది అడుగు దగ్గర. ప్రతిసారీ గొట్టం పొడవునా కొంచెం సాగుతుంది, మూతి దగ్గర పెరిగినదాన్ని కత్తిరిస్తారు. కానీ ఆ పెరిగిన లోహం ఎక్కడి నుంచో రావాలి. అడుగుకు ఒక సెంటీమీటరు పైన గోడ పలుచబడుతుంది, బయట ఒక మెరిసే చార కనిపించవచ్చు. అక్కడ తెగితే వేల వాతావరణాల వాయువు షూటర్ ముఖం వైపు దారి వెతుక్కుంటుంది. దీన్ని కనిపెట్టడానికి వాడే పరికరం కాగితాలకు పెట్టే జెమ్ క్లిప్పు. దాన్ని తిన్నగా సాగదీసి కొనను కాస్త వంచి, గొట్టం లోపలి గోడ వెంట పైకి లాగుతారు. లోపల గాడి ఉంటే కొన ఆగుతుంది. ఆగిందంటే ఆ గొట్టం తుక్కులోకి.

కమ్మరి నీళ్లు, కంచరి నీళ్లు

గట్టిపడ్డ మెడను మళ్లీ మెత్తబరిచే మార్గం ఎనీలింగ్, అంటే కాచడం. కొందరు ప్రతిసారీ చేస్తారు, కొందరు మూడు నాలుగు సార్లకొకసారి. గ్యాస్ మంటలో మెడను కొద్ది సెకన్లు తిప్పితే లోపాలతో కిక్కిరిసిన పాత రేణువుల స్థానంలో కొత్త రేణువులు పుడతాయి. కర్మాగారంలోనూ చివరి దశల్లో మెడను ఇలాగే కాస్తారు. సైనిక తూటాల మెడ చుట్టూ కనిపించే నీలి గోధుమ రంగు మరక దాని గుర్తు. మార్కెట్లో అమ్మే వాటికి మెరుపు కోసం ఆ మరకను తుడిచేస్తారు.

కష్టమంతా మెడను కాస్తూ అడుగును చల్లగా ఉంచడంలో ఉంది. అడుగు మెత్తబడితే పీడనం దాన్ని నలిపేస్తుంది, ప్రైమర్ ఊడిపోతుంది, అక్కడ ఉక్కు గోడ ఆసరా పూర్తిగా లేదు. గొట్టాలన్నిటినీ ఓవెన్‌లో పెట్టి ఒకేసారి మెత్తబరచాలన్న ఆలోచన అందుకే ప్రమాదకరం. ఇత్తడిలో వేడి ప్రాకే వేగాన్ని బట్టి లెక్క వేస్తే 5 సెకన్లలో అది ఒకటిన్నర సెంటీమీటర్ల దాకా గట్టిగా చేరుతుంది. 5 సెంటీమీటర్ల గొట్టం అడుగుకు గణనీయంగా చేరడానికి పదిహేను, ఇరవై సెకన్లు పడుతుంది. కాబట్టి పని ఆ లోపే అయిపోవాలి. పాత పద్ధతిలో గొట్టాలను నీళ్ల పళ్లెంలో సగం మునిగేలా నిలబెట్టి, పై భాగానికి మంట చూపి, వెంటనే నీళ్లలోకి తోసేస్తారు. ఇప్పుడు సెకనులో పదో వంతు వరకు కాలం కొలిచే ఇండక్షన్ యంత్రాలు వచ్చాయి.

నీళ్లలోకి తోయడం చూసి మనకో సందేహం రావాలి. కమ్మరి కొడవలిని ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచేది గట్టిపడటానికి కదా? ఉక్కులో అది నిజం. వేడిలో కరిగి ఉన్న కార్బన్‌కు బయటికి వచ్చే సమయం లేక స్ఫటికం బిగుసుకుపోతుంది. 70:30 ఇత్తడిలో అలా మారే స్ఫటిక రూపం లేదు. అది వేడిలోనూ, చల్లారాకా ఒకే అమరికలో ఉంటుంది. అందుకే రేకు కొట్టి కొట్టి మొండికేసినప్పుడు కంచరి దాన్ని కాల్చి నీళ్లలో వేసినా మెత్తగానే బయటికి వస్తుంది. పక్కపక్క కొలుముల్లో చేసే ఒకే పనికి ఫలితం తలకిందులు. తూటా గొట్టానికి నీళ్ల పని ఒక్కటే, వేడి అడుగుకు దిగకుండా ఆపడం.

ఇత్తడిలో జింకును 15 శాతం లోపు ఉంచితే ఈ పగుళ్ల బెడద చాలావరకు పోతుంది. నేటి బుల్లెట్ల పై తొడుగుకు వాడే లోహంలో జింకు 5–10 శాతమే కాబట్టి మెడ పగిలినా బుల్లెట్ పగలదు. గొట్టానికి మాత్రం సాగే గుణం కావాలి, 30 శాతాన్ని వదులుకోలేరు, ప్రమాదాన్ని కాచుకుంటూ బతకాలి.

ఒత్తిడి, రసాయనం చేతులు కలిపే ఈ రకం పగుళ్లు ఇతర లోహాల్లోనూ ఉన్నాయి. 1967 డిసెంబరు 15న అమెరికాలో ఒహాయో నది మీది సిల్వర్ బ్రిడ్జి కూలి 46 మంది చనిపోయారు. ఒక ఉక్కు కడ్డీ కన్ను దగ్గర ఏళ్ల తరబడి కనిపించకుండా పెరిగిన చిన్న పగులు దానికి మూలం. మన కోల్డ్ స్టోరేజీల్లో అమోనియాతో నడిచే యంత్రాలను చూడండి, గొట్టాలన్నీ ఇనుము, ఉక్కువే. రాగి వేడిని వాటికంటే ఎన్నో రెట్లు బాగా మోస్తుంది, అయినా అక్కడ దానికి, ఇత్తడికి చోటు లేదు. కోళ్ల ఫారంలోనో, పశువుల కొట్టం పక్కనో ఇత్తడి నట్టును బలం కొద్దీ బిగించిన ప్లంబరు కూడా అవే నాలుగు షరతులను ఒక్కచోట చేరుస్తున్నాడు. అలాంటి నట్టు కొన్ని నెలలు బాగానే ఉండి, ఏ వానాకాలంలోనో ఎవరూ తాకకుండానే నిలువునా చీలిందంటే పైపుల దుకాణం నాసిరకం సరుకు ఇచ్చిందని అనేముందు, ఆ గదిలో గాలి ఎలా వాసన వేస్తోందో చూడాలి.